హైదరాబాద్ – దుబాయ్: పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదు గంటలు! ఇదేం లెక్క?

జగిత్యాల_శ్రీను | ఆదివారం రాత్రి 9:14

అందరికీ నమస్తే. మా చెల్లె దుబాయ్‌లో ఉంటుంది. మొన్న బాబు పుట్టాడు. అమ్మ వచ్చే నెల అక్కడికి పోతోంది. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి, అదీ ఒక్కతే. టికెట్ మీద ఇట్లా ఉంది:

హైదరాబాద్ 10:10 – దుబాయ్ 12:40
దుబాయ్ 22:00 – హైదరాబాద్ 03:10 (+1)

పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదు గంటల పది నిమిషాలు అన్నమాట. ఏజెంటును అడిగితే "రెండున్నర గంటలే, కళ్ళు మూసి తెరిచేలోపు దిగుతది" అంటున్నాడు. మరి వచ్చేటప్పుడు ఎందుకంత టైమ్ అంటే, వేరే రూటేమో అన్నాడు. అమ్మకు షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటుంది. అందుకే అసలు గాల్లో ఎంతసేపు ఉంటుందో సరిగ్గా తెలుసుకోవాలి.

ఇంకోటి. దూరం ఎంతని నెట్‌లో చూస్తే ఒక చోట 2,547, ఇంకో చోట 1,583, మరో చోట 1,375 అని ఉంది. ఏది నమ్మాలి?

---

షార్జా_సుజాత | ఆదివారం రాత్రి 9:31

శ్రీను గారూ, కంగారు పడకండి. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. బయలుదేరేది హైదరాబాద్ గడియారం ప్రకారం, దిగేది దుబాయ్ గడియారం ప్రకారం. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక.

12:40కి అమ్మ దుబాయ్‌లో దిగేసరికి జగిత్యాలలో మీ గోడ గడియారం 2:10 చూపిస్తుంది. 10:10 నుంచి 2:10 అంటే నిండా నాలుగు గంటలు.

తిరిగి వచ్చేటప్పుడు ఇదే గంటన్నర తీసేయాలి. అయిదు గంటల పది నిమిషాల్లోంచి గంటన్నర పోతే 3 గంటల 40 నిమిషాలు. పక్కన (+1) అని ఉంది చూశారా, దిగేది మర్నాటి తేదీలో అని దానర్థం.

ఏజెంటు గారికి ఈ మాట తెలియకుండా ఉండదు. చెప్పే ఓపిక లేదంతే.

---

గోదావరి_బుల్లోడు | ఆదివారం రాత్రి 10:02

అక్కా, ఒక్క డౌటు. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా. విమానం దుబాయ్ వైపు, అంటే పడమరకి వెళ్తుంటే, కింద దుబాయ్ మనకి ఎదురొస్తున్నట్టే కదా! మరి వెళ్ళేటప్పుడు తొందరగా చేరాలి, వచ్చేటప్పుడు లేటవ్వాలి. మీ లెక్కలో రివర్స్‌లో ఉందే? వెళ్ళడానికి నాలుగు గంటలు, రావడానికి 3:40 అంటున్నారు.

---

లెక్కల_మాస్టారు | ఆదివారం రాత్రి 10:40

బుల్లోడు గారూ, ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ భూమి ఒక్కటే తిరగడం లేదు, దాన్ని అంటుకుని ఉన్న గాలి కూడా దాంతో పాటే తిరుగుతోంది. విమానం ఆ గాలిలోనే ఉంది. నడుస్తున్న రైల్లో బంతి పైకి ఎగరేస్తే మళ్ళీ మీ చేతిలోనే పడుతుంది గానీ వెనక బోగీలోకి పోదు కదా. మీరు చెప్పినట్టే అయితే, శంషాబాద్‌లో ఒక హెలికాప్టర్ పైకి లేచి గంటన్నర అక్కడే గాల్లో నిలబడితే కిందకి గల్ఫ్ వచ్చేయాలి. టికెట్ కూడా అక్కర్లేదు!

అయితే భూమి తిరగడానికీ ఆ గంటన్నరకీ సంబంధం ఉంది. రేఖాంశాలు చూడండి. శంషాబాద్ సుమారు 78.4 డిగ్రీల తూర్పు, దుబాయ్ 55.4. తేడా 23 డిగ్రీలు. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. 23 × 4 = 92. అంటే హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చిన 92 నిమిషాలకి దుబాయ్‌లో నడినెత్తికి వస్తాడు. గడియారాల తేడా 90. చాలా దేశాల విషయంలో ఇంత దగ్గరగా కుదరదు.

మన దేశమంతటికీ ఒకే టైమ్ కాబట్టి 82.5 డిగ్రీల రేఖాంశాన్ని ఆధారంగా పెట్టుకున్నారు. ఆ గీత మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. గోదావరి వాళ్ళు కాస్త గర్వపడొచ్చు.

---

గోదావరి_బుల్లోడు | ఆదివారం రాత్రి 10:47

మాస్టారూ, కాకినాడ మాట చెప్పి నోరు మూయించేశారు 😀 కానీ ఆ 20 నిమిషాల తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంకా ఎవరూ చెప్పలేదు. భూమి కాకపోతే మరేంటి?

---

రన్‌వే_27 | ఆదివారం రాత్రి 11:25

గాలి. విమానాలకి రూటూ ఇంధనం లెక్కలూ వేసే డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

ఈ రూట్లో తిరిగే ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివి 35 నుంచి 38 వేల అడుగుల ఎత్తులో, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోతాయి. కానీ ఆ గాలి తనే కదులుతుంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. దుబాయ్ వైపు వెళ్ళేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.

సగటున గంటకు 60 కిలోమీటర్ల గాలి అనుకోండి. వెళ్ళేటప్పుడు నేల మీద లెక్కకి వచ్చే వేగం 770, వచ్చేటప్పుడు 890. దూరం 2,550. భాగిస్తే వెళ్ళడానికి 3 గంటల 19 నిమిషాలు, రావడానికి 2 గంటల 52 నిమిషాలు. దీనికి గేటు దగ్గర్నుంచి వెనక్కి తోయడం, రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, పైకి ఎక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ తగ్గే వేగం, అన్నీ కలిపి ఒక అరగంట, నలభై నిమిషాలు వేసుకోండి. శ్రీను గారి టికెట్ మీద ఉన్నవి దాదాపు అవే అంకెలు.

టికెట్ మీద వేసేది గాల్లో ఉండే టైమ్ కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర చక్రాలకి అడ్డం పెట్టే దాకా. మేం దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. అందులో కాస్త వదులు కూడా ఉంచుతారు. "ఇరవై నిమిషాలు ముందే దిగాం" అని పైలట్ గొప్పగా అనౌన్స్ చేసేది చాలాసార్లు ఆ వదులు వల్లే.

డిసెంబరు, జనవరిలో ఉత్తర భారతం మీదుగా పోయే జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున జోరుగా వీచే గాలి ప్రవాహం, బాగా బలపడుతుంది. దుబాయ్ దాని దారికి దగ్గర్లోనే ఉంది. ఆ నెలల్లో గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటడం మామూలే. రానూపోనూ తేడా 40 నిమిషాలు దాటిన రోజులుంటాయి.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద బాగా పైన తూర్పు నుంచి పడమరకి వీచే మరో జెట్ స్ట్రీమ్ వస్తుంది. దాని సంగతి 1950లలో లోకానికి వివరించింది మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం గారు. తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ ప్రవాహం అసలు బలమంతా విమానాలు ఎగిరే ఎత్తుకన్నా ఇంకా పైన ఉంటుంది. అయినా కొంత కిందికీ తగులుతుంది. అందుకే జూలైలో మన వైపు సగం దారిలో గాలి దుబాయ్ వెళ్ళేవాళ్ళకి సాయం చేస్తుంది, రానూపోనూ తేడా బాగా తగ్గిపోతుంది.

---

లెక్కల_మాస్టారు | ఆదివారం రాత్రి 11:38

కోటేశ్వరం గారి పేరు తలచుకున్నందుకు సంతోషం. పాఠంలో జెట్ స్ట్రీమ్ వస్తుంది గానీ ఆ పేరు పిల్లలకి తెలియడం లేదు.

---

జగిత్యాల_శ్రీను | సోమవారం ఉదయం 7:05

చాలా థాంక్స్ అండీ అందరికీ. టైమ్ సంగతి అర్థమైంది. దూరం సంగతి ఎవరూ చెప్పలేదు. మూడు సైట్లలో మూడు అంకెలు ఎందుకున్నాయి?

---

రన్‌వే_27 | సోమవారం ఉదయం 7:50

మూడూ కరెక్టే, కొలత వేరు. 2,547 కిలోమీటర్లు. అదే దూరం మైళ్ళలో 1,583. విమానాల వాళ్ళు వాడే నాటికల్ మైళ్ళలో 1,375. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. కొన్ని సైట్లు అంకె పెద్దగా వేసి, కొలత పేరు చిన్న అక్షరాల్లో వేస్తాయి.

ఇది భూగోళం మీద రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అతి దగ్గర దారి. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు–పడమరలుగా ఉన్నాయి. విమానం మామూలుగా ఎదురుగాలిలోకే లేస్తుంది. పడమటి గాలి ఉన్న రోజు పడమరకే లేచి నేరుగా దారి పడుతుంది. తూర్పు గాలి ఉంటే ముందు తూర్పుకి లేచి, చుట్టు తిరిగి రావాలి. అక్కడే కొన్ని నిమిషాలు పోతాయి. ఆ తర్వాత మహారాష్ట్ర మీదుగా అరేబియా సముద్రం, ఒమన్ తీరం, దుబాయ్. రద్దీ టైమ్‌లో దిగడానికి వరుసలో నిలబెట్టి పైనే చక్కర్లు కొట్టిస్తారు. ట్రాకింగ్ యాప్‌లో చూస్తే తిరిగిన దూరం 2,550 కన్నా ఎంతో కొంత ఎక్కువే ఉంటుంది.

---

యమునాపార్_తెలుగు | సోమవారం ఉదయం 9:20

మ్యాప్ మీద ఢిల్లీ నుంచి దుబాయ్ హైదరాబాద్ కన్నా దగ్గర, దాదాపు 2,190 కిలోమీటర్లే. కానీ 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలం మీదుగా మన దేశపు విమానాల్ని పోనివ్వకుండా మూసేసింది. దాంతో ఢిల్లీలో లేచిన మన విమానాలు దక్షిణంగా గుజరాత్ వైపు వెళ్ళి, సముద్రం మీదుగా చుట్టూ తిరగాల్సి వచ్చింది. దుబాయ్ కంపెనీల విమానాలకి ఆ బాధ లేదు. ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి, కంపెనీని బట్టి టైమ్ మారిపోయింది. హైదరాబాద్ వాళ్ళ దారి ఎటూ సముద్రం మీదుగానే కాబట్టి మీకు ఈ గొడవ పెద్దగా తగల్లేదు.

---

నిజామాబాద్_అన్వర్ | సోమవారం మధ్యాహ్నం 1:15

శ్రీను తమ్మీ, గాలి గురించి అందరూ మస్తు చెప్పిన్రు. ఇగ నేల మీద సంగతి నేను చెప్తా, ఎందుకంటే మన జిల్లాల వాళ్ళకు టైమ్ అంతా పోయేది అక్కడే.

జగిత్యాల నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు 240 కిలోమీటర్లకు అటూ ఇటూ. కరీంనగర్, సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి పట్టి, శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కు. సిటీ లోపలికి పోకు. రాత్రి పూట అయినా నాలుగున్నర గంటలు వేసుకో, మధ్యలో చాయ్‌కి ఆగితే అయిదు. విమానం 10:10కి అంటే అమ్మ 7 గంటలకల్లా గేటు దగ్గర ఉండాలె. అంటే రాత్రి 2 గంటలకు ఇంట్లోంచి కదలాలి. కౌంటర్ కనీసం గంట ముందే మూసేస్తరు, ఆ తర్వాత ఎంత బతిమాలినా లోపలికి పంపరు.

అక్కడ దిగినంక ఇమిగ్రేషన్, సామాను, బయటికి రావడం, ఇంకో గంట, గంటన్నర. చెల్లె ఉండేది షార్జా వైపు అయితే, సాయంత్రం దిగే ఫ్లైట్ ఎప్పుడూ తీసుకోవద్దు. దుబాయ్ నుంచి షార్జా పోయే రోడ్డు ఆ టైమ్‌లో ఎట్లుంటదో అక్కడ ఉన్నోళ్ళనే అడుగు. మీది మధ్యాహ్నం దిగుతది, మంచిదే.

మొత్తం కలిపితే ఇంటి నుంచి ఇంటికి 14 గంటలు. అందులో గాల్లో ఉండేది మూడున్నర!

ముఖ్యమైన మాట. తిరుగు ప్రయాణంల ఆ (+1) ఉంది చూడు, అక్కడ జాగ్రత్త. మా దగ్గరి చుట్టం ఒకాయన వస్తున్నడని వాళ్ళ బావమరిది కారు వేసుకుని పోయిండు. ఫ్లైట్ 14వ తేదీ రాత్రి దుబాయ్‌ల లేస్తది, 15 తెల్లారుజామున మూడింటికి ఇక్కడ దిగుతది. ఈయన "15 రాత్రి" అనుకుని ఒక రోజు ఆలస్యంగ బయలుదేరిండు. అప్పటికే మనిషి బస్సెక్కి ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నడు. నువ్వు 22:00 అని ఉన్న తేదీ రాత్రే జగిత్యాలల బండి తీయాలె, గుర్తుపెట్టుకో.

---

గోదావరి_బుల్లోడు | సోమవారం మధ్యాహ్నం 1:32

అన్వర్ భాయ్, ఆ బావమరిది ఎయిర్‌పోర్టులో ఎంతసేపు నిలబడ్డాడు పాపం 😂

---

నిజామాబాద్_అన్వర్ | సోమవారం మధ్యాహ్నం 1:40

పార్కింగ్ బిల్లు చూసినంకనే ఇంటికి ఫోన్ కొట్టిండు.

---

జగిత్యాల_శ్రీను | సోమవారం రాత్రి 8:22

అన్వర్ అన్నా, ఈ లెక్క ఏజెంటు ఎన్నడూ చెప్పలేదు. బండి మాట్లాడిపెడతా.

ఇప్పుడు అమ్మ మందుల సంగతి. ఉదయం 8కి ఇన్సులిన్, టిఫిన్. మళ్ళీ రాత్రి 8కి. రెండింటికి ఇంట్లోంచి కదిలితే, ఆ రోజు ఎట్లా మరి? దుబాయ్‌లో 8 అంటే మన 9:30 అయితది కదా?

---

షార్జా_సుజాత | సోమవారం రాత్రి 9:10

అవును, రోజూ పన్నెండు గంటల ఎడంతో వేసుకునేది ఆ ఒక్క రోజు పదమూడున్నర గంటల ఎడం అవుతుంది. వచ్చేటప్పుడు పదిన్నర. డోసు ముందుకా వెనక్కా అన్నది మాత్రం ఆమెకి వైద్యం చేసే డాక్టర్నే అడగండి, ఇక్కడ ఎవరి మాటా వినొద్దు. టికెట్ టైములు కాదు, రెండూ ఇండియా టైములోకి మార్చి కాగితం మీద రాసి ఆయనకి చూపించండి. "రాత్రి 2 గంటలకి ఇంట్లోంచి కదులుతుంది, 10:10కి విమానం, మధ్యాహ్నం 2:10కి దిగుతుంది, 4 గంటలకి ఇల్లు" అని. అప్పుడు ఆయనకీ తేలిక.

నాకు తెలిసినవి కొన్ని:

ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. కింద వేసే పెట్టెలో పెడితే చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. డాక్టర్ చీటీ, మందుల పేర్లు ఇంగ్లీషులో ఉన్న కాగితం వెంట ఉండాలి. మోకాళ్ళ నొప్పులకి ట్రమడాల్ లాంటివీ, దగ్గుకి కోడీన్ ఉన్న సిరప్పులూ ఏమైనా వాడుతుంటే ముందే చూసుకోండి, ఇక్కడ యూఏఈలో వాటి మీద గట్టి ఆంక్షలున్నాయి.

టిఫిన్ డబ్బా కూడా కట్టివ్వండి, ఇడ్లీయో పులిహోరో. కొన్ని విమానాల్లో భోజనం టికెట్‌లోనే ఉంటుంది, కొన్నింటిలో కొనుక్కోవాలి. వడ్డించేది ఎప్పుడో మన చేతిలో ఉండదు. షుగర్ ఉన్న మనిషి ఆ భోజనం బండి వచ్చేదాకా ఎదురుచూడకూడదు.

ఇంకోటి, ఇది అందరికీ చెప్తున్నా. బాలింతకని మసాలా పొడులు కట్టేటప్పుడు గసగసాలు ఒక్క గింజ కూడా వేయొద్దు. ఈ దేశంలో అవి నిషేధం. మన వంటింట్లో మామూలు దినుసే గానీ, ఇక్కడ ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే కేసే. అమ్మ సర్దిన పెట్టెని మీరు ఒకసారి విప్పి చూడండి, ఆమె ఏమనుకున్నా సరే.

---

జగిత్యాల_శ్రీను | సోమవారం రాత్రి 9:26

అయ్యో! గరం మసాలా పొడి రెడీగా చేసిపెట్టింది. అందులో గసగసాలు వేసిందో లేదో ఇప్పుడే అడుగుతా.

---

జగిత్యాల_శ్రీను | సోమవారం రాత్రి 9:41

వేసిందంట. ఆ డబ్బా ఇక్కడే ఉంటుంది. "మసాలా పొడికి కూడా కేసా, అదేం ఊరురా" అని నన్నే తిడుతోంది. సుజాతక్కా, నిజంగా మేలు చేశారు.

---

రాయచోటి_టు_కువైట్ | మంగళవారం ఉదయం 6:48

మాకూ ఒక లెక్క చెప్పండి. హైదరాబాద్ నుంచి కువైట్‌కి ఇదే సూత్రమా?

---

రన్‌వే_27 | మంగళవారం ఉదయం 8:15

సూత్రం అదే, అంకెలు వేరు. నేరుగా 3,370 కిలోమీటర్లు. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. కాబట్టి టికెట్ మీద కనిపించే టైమ్‌కి వెళ్ళేటప్పుడు రెండున్నర కలపాలి, వచ్చేటప్పుడు రెండున్నర తీసేయాలి. సౌదీ, ఖతర్, బహ్రెయిన్‌లది కూడా రెండున్నరే. మస్కట్ మాత్రం దుబాయ్‌లాగే గంటన్నర.

గల్ఫ్ దేశాల్లో ఎండాకాలం అని గడియారం ముందుకి జరపడం లేదు, మనకీ లేదు. కాబట్టి ఏ నెలలో వెళ్ళినా ఇదే తేడా. లండన్, అమెరికా వెళ్ళేవాళ్ళు మాత్రం నెలని బట్టి చూసుకోవాలి.

---

రాయచోటి_టు_కువైట్ | మంగళవారం ఉదయం 8:31

అర్థమైందన్నా. అందుకేనా మా ఇంట్లో వాళ్ళు "నువ్వు విమానం దిగి ఫోన్ చేస్తానన్న టైమ్ దాటిపోయింది" అని ప్రతిసారీ టెన్షన్ పడేది! నేను అక్కడి టైమ్ చెప్పి వస్తుంటాను.

---

షార్జా_సుజాత | మంగళవారం ఉదయం 10:05

శ్రీను గారూ, చెల్లెలికి ఒక మాట చెప్పండి. దుబాయ్ ఎయిర్‌పోర్టులో టెర్మినల్ 1, 3 ఒక పక్క, టెర్మినల్ 2 రన్‌వేలకి అవతలి పక్క. మెట్రో 1, 3 దగ్గరే ఆగుతుంది, 2కి మెట్రో లేదు. తప్పు టెర్మినల్ దగ్గర నిలబడితే కారులో చుట్టు తిరిగి రావాలి, ఈలోపు పెద్దావిడ బయటికి వచ్చి వెతుక్కుంటుంది. టికెట్ మీద ఏ టెర్మినలో చూసి ఆమెకి ఇప్పుడే పంపండి.

ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి వీల్‌చెయిర్ కూడా అడగండి. నడవలేకపోవడం వల్ల అని కాదు. తోడుగా వచ్చే మనిషి ఇమిగ్రేషన్ దాటించి, సామాను దగ్గర్నుంచి బయటి గేటు దాకా తెచ్చి అప్పజెప్తాడు. భాష రాని వాళ్ళకి అది పెద్ద ధైర్యం.

---

జగిత్యాల_శ్రీను | మంగళవారం రాత్రి 8:50

వీల్‌చెయిర్ అడిగాను అక్కా, రాసుకున్నారు. టెర్మినల్ 1. డాక్టర్ కాగితం చూసి డోసు రాసిచ్చాడు. బండి రాత్రి 1:30కే రమ్మన్నా, ఎందుకైనా మంచిదని.

---

నిజామాబాద్_అన్వర్ | మంగళవారం రాత్రి 9:03

మంచి పని చేసినవ్ తమ్మీ. డ్రైవర్‌కు ఔటర్ మీద అన్న మాట మర్చిపోకుండ చెప్పు, లేకుంటే సికింద్రాబాద్‌ల తిప్పుతడు.